తెలుగు తీరమున మరుగుపడిన రేవులు

యాత్ర యనగానే మన భివండి తెలుగు కుటుంబములకు మొదట స్ఫురించునవి తిరుమల, వేములవాడ, యాదగిరిగుట్ట, బాసర. మ్రొక్కుబడులు తీర్చుకొనుట, పుట్టిన యూరిలో బంధువులను చూచుట, పెండ్లి పేరంటములలో పాల్గొనుట, ఇంతటితో వేసవి సెలవులు ముగియును. ఈ నడుమ మన పిల్లలు చెలికాండ్రతో గూడి అలీబాగునకో గోవాకో పోయి సముద్రము చూచి వచ్చుచున్నారు. అది తప్పని యెవరును అనరు. కాని తెలుగు దేశమునకును సుమారు వేయి కిలోమీటర్ల సముద్రతీరము కలదనియు, ఆ తీరమునందలి చిన్న చిన్న యూళ్ళకును మన కులవృత్తికిని విడదీయరాని చుట్టరికము కలదనియు ఆ పిల్లలకు చెప్పినవారు లేరు. విశాఖపట్టణపు కడలి యొడ్డు అందరెరిగినదే. ఈ వ్యాసమున ప్రస్తావింపబోవునది దానిని గూర్చి కాదు. రైలు కిటికీ నుండి పేరు చదివి మరచిపోవు స్టేషనులను గూర్చి, బస్సు చివరి మజిలీగా మాత్రమే వినబడు గ్రామములను గూర్చి.

“మేము తెలంగాణపు మెట్టసీమ వారము, మాకు సముద్రముతో నేమి పని?” అని మనలో పెద్దలు కొందరు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. పద్మనగరమున కాపురమున్న కుటుంబములలో పెక్కింటి మూలములు కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు జిల్లాల యూళ్ళలో నున్నవి. ఆ యూళ్ళకు అలల చప్పుడు వినబడదు. కాని సాలెవాని మగ్గపు గుంట ఎచట నున్నను, బట్ట యొక్క రెండవ కొన రేవులో నుండెడిది. గోలకొండ రాజ్యమునకు బందరు రేవు. కాకతీయ రాజ్యమునకు మోటుపల్లి. ఓరుగల్లు సింహాసనము మీద కూర్చున్న రాజు సముద్రపు వర్తకులకు శాసనము వ్రాయించుటకు కారణ మదియే.

ఇంకొక మాట. మనము నేడు నివసించు చోటు సయితము ఈ కథకు వెలుపలిది కాదు. క్రీస్తు శకము మొదటి శతాబ్దిలో పేరు తెలియని యొక గ్రీకు వర్తకుడు ఎర్రసముద్రము మొదలు హిందూదేశపు తూర్పు తీరము వరకు గల రేవులను గూర్చి చిన్న పొత్తము వ్రాసెను. దానికి ‘పెరిప్లస్’ అని వాడుక. మనకు కూతవేటు దూరమున నున్న కళ్యాణము అందు ‘కల్లియెనా’ యను పేర కానవచ్చును. కృష్ణా ముఖద్వార ప్రాంతము ‘మసాలియా’ యను పేర కానవచ్చును. మసాలియాలో సన్నని నూలుబట్ట విస్తారముగా తయారగునని ఆ వర్తకుడు వ్రాసెను. ఈ రెండు తీరములను ఏలినవారు శాతవాహనులు. వారిలో యజ్ఞశ్రీ శాతకర్ణి ఓడబొమ్మ గల నాణెములు ముద్రింపించెను. కళ్యాణ్ జంక్షనులో దిగి భివండికి బస్సెక్కు మన యువకులు దినమును రెండువేల యేండ్ల నాటి రేవు మీదుగా నడచిపోవుచున్నారన్న మాట.

ఆ పొత్తములో కళ్యాణమును గూర్చి యొక విచిత్రమైన సంగతి కలదు. పూర్వము శాతకర్ణి కాలమున అది చట్టబద్ధమైన రేవుగా నుండెననియు, తరువాతి యేలుబడిలో దానికి ఆటంకములు కలుగగా, పొరపాటున అచట లంగరు వేసిన గ్రీకు ఓడలను కాపలాతో భరుకచ్ఛమునకు తరలించుచుండిరనియు అతడు తెలిపెను. లోతైన నీరు, మంచి సరకు ఉన్నంత మాత్రమున రేవు నిలువదు. అచటి దొర మాట మీద నమ్మక ముండవలెను. ఈ సంగతి తెలుగు తీరమున ఎంత స్పష్టముగా రాతిమీద చెక్కబడెనో చూచుటకు మోటుపల్లి పోవలెను.

మోటుపల్లి నేడు బాపట్ల జిల్లాలో, చీరాలకు కొలది దూరమున నున్న సామాన్య గ్రామము. సర్వీ తోపులు, ఇసుక దిబ్బలు, పాత గుడులు. భోజన హోటళ్ళు, వసతి గృహములు అచట వెదకరాదు. చీరాలలో బస చేసి పోయి రావలెను. వీరభద్రాలయ మండపమున ఒక రాతి స్తంభము కలదు. కాకతీయ గణపతిదేవుడు శకవర్షము 1166, అనగా క్రీస్తు శకము 1244–45లో దానిపై చెక్కించిన శాసనమును చరిత్రకారులు ‘అభయ శాసనము’ అందురు.

ఆ శాసనపు తాత్పర్యమిది. పూర్వపు రాజులు ఒక దేశము నుండి మరియొక దేశమునకు పోవుచు తుఫానునకు చిక్కి తమ తీరమున విరిగిపడిన ఓడలలోని సొమ్మునంతయు, బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు, బలవంతముగా లాగుకొనుచుండిరి. సముద్రయానము చేయువారికి ధనము ప్రాణముకంటె మిన్న యని తలంచి, దయచేతను, కీర్తి కొరకును, ధర్మము కొరకును, నిర్ణయించిన సుంకము తప్ప మిగిలిన సమస్తమును వారికే విడిచిపెట్టుచున్నామని గణపతిదేవుడు ప్రకటించెను. ఎగుమతి దిగుమతుల మీద సుంకము ముప్పదింట ఒక వంతు. నేటి పన్నుల రేట్లతో పోల్చి చూచుకొను మన వ్యాపారస్థులకు ఈ లెక్క ముచ్చట గొలుపక మానదు. చందనము, కర్పూరము, చీనా కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టుదారము, పగడము, మిరియము, పోకలు, ఇట్లు ఏ సరకునకు ఎంత చెల్లింపవలెనో అందు వివరముగా నున్నది.

ఓడ విరిగినచో దానిలోని సొమ్ము ఒడ్డు దొరకు చెందుననుట ఆనాడు ఒక్క తెలుగు దేశపు దురాచారము కాదు. యూరపు తీరములందును అదే రివాజు. ఇంగ్లండులో 1275లో వెలువడిన వెస్ట్‌మినిస్టరు శాసనము, విరిగిన ఓడనుండి మనుష్యుడు గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడినయెడల ఆ సరకు యజమానిదే యని నిర్ణయించెను. మోటుపల్లి స్తంభము అంతకు 30 సంవత్సరములు పెద్దది. అందు పిల్లి ప్రాణముతో పని లేదు. మన పాఠశాలల చరిత్ర పుస్తకములందు రెండవదానికి గల చోటు మొదటిదానికి లేకపోవుట విచారకరము.

గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి కాలపు స్థితిని వెనీసు వర్తకుడు మార్కో పోలో తన గ్రంథమున వర్ణించెను. అతడు మోటుపల్లిని ‘ముత్‌ఫిలి’ అనెను. వివేకవంతురాలగు రాణి ఏలుచున్నదనియు, వజ్రములు దొరకుననియు, సాలెపురుగు గూటివంటి సన్నని బట్ట అచట నేయుదురనియు, దానిని ధరించుటకు సంతోషింపని రాజు గాని రాణి గాని లోకమున నుండరనియు అతని మాటల సారము. రుద్రమను గణపతిదేవుని భార్యగా భావించి అతడు వ్రాసిన సంగతిని చరిత్రకారులు సవరించిరి. బట్టను గూర్చి చెప్పినదానిని సవరింప నవసరము లేకపోయెను. కాకతీయులు పోయిన తరువాత కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అదే యూర మరల శాసనము వేయించి, వర్తకులు అచట స్థిరపడదలచినచో భూమి నిత్తుమనియు, తమ సరకును ఇష్టమైనవారికి అమ్ముకొనవచ్చుననియు హామీ యిచ్చెను. సొంత యూరు విడిచి పరాయి చోట వ్యాపారము పెట్టుకొనిన కుటుంబములకు ఆ రెండు మాటల బరువు వేరుగా చెప్పనక్కరలేదు.

మోటుపల్లి చూచినవారు చీరాలను, వేటపాలెమును విడువరాదు. చీరాల మగ్గముల పట్టణము. అరబ్బు దేశములకును ఏడెనునకును ఓడలలో పోయిన తేలియా రుమాళ్ళకు పుట్టినిల్లు. నూలును ఆముదపు కాయల బూడిదతోను నూనెతోను దినముల తరబడి నానబెట్టి, ఎఱుపు నలుపు రంగులు అద్ది, పడుగును పేకను రెంటిని చిటికీ కట్టి నేయు ఆ విద్య చీరాల నుండి నాటి నల్లగొండ జిల్లా పుట్టపాకకు చేరెను. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించెను. మనలో పుట్టపాక, చౌటుప్పల్ ప్రాంతపు కుటుంబములు కలవు. తమ యూరి రుమాలునకు సముద్రపు టొడ్డున మేనమామ యిల్లు కలదని వారికి తెలియవలెను.

చీరాల పేరాలలను పురపాలకసంఘముగా మార్చి పన్నులు పెంచినందుకు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనము ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పాకల పేట కట్టుకొని నెలల తరబడి కష్టములకోర్చిరి. వారిలో నేతగాండ్రు ఎందరో. వేటపాలెములో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనము గలదు. దాని భవనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసెను. పాత తెలుగు పత్రికలు అంత పదిలముగా నుంచిన గ్రంథాలయములు మన దేశమున అరుదు. ఒక పూట అచట గడుపవలసినదని నా మనవి.

తీరము వెంబడి ఉత్తరముగా పోవగా నిజాంపట్టణము వచ్చును. పాత లెక్కలలో ‘పెటపోలి’ యని వ్రాయబడిన రేవు ఇదియే. 1611లో ఇంగ్లీషు కంపెనీవారి ‘గ్లోబ్’ అను ఓడ ఇచట ఆగి, పిదప బందరునకు పోయెను. నేడిది చేపల రేవు. ఈ ప్రాంతపు ఇసుకనేలలలో పెరిగిన చిరువేరు నుండి తీసిన ఎఱ్ఱరంగు బందరు అద్దకమునకు ప్రాణము. ఉతికినకొలది మెరుగెక్కు ఎఱుపు అది.

బందరునకు, అనగా మచిలీపట్టణమునకు, ఈ వ్యాసమున పెద్దపీట వేయక తప్పదు. బందరు అను మాటయే పారసీక భాషలో రేవు అని యర్థము. గోలకొండ సుల్తానుల కాలమున ఇచటి నుండి మోఖా, బందరు అబ్బాసు, పెగూ, ఆచే వరకు ఓడలు పోయెడివి. డచ్చివారు 1605లో వచ్చిరి, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో. వీరందరు ఇంత దూరము వచ్చుటకు కారణము మన బట్ట మీది మోజు మాత్రమే యనుకొనరాదు. తూర్పు దీవులలో లవంగము, జాజికాయ పండించువారు వెండికి బదులు తెలుగు సీమ బట్టను కోరిరి. బట్ట లేనిదే సుగంధ ద్రవ్యము లేదు. కావున సాలెవాని బట్ట ఆనాడు సముద్రము మీద చెల్లు నాణెము. ‘మస్లిన్’ అను మాట మసూలా నుండి పుట్టెనని మనవారు కొందరు గర్వముగా చెప్పుదురు. అది నిజము కాదు, ఆ పేరు ఇరాకులోని మోసుల్ పట్టణము నుండి వచ్చినది. లేని గొప్పతో మనకు పని లేదు, ఉన్నదే చాలును.

ఇచటి కలంకారీ బట్టలకు యూరపున ఎంత గిరాకీ కలిగెననగా, తమ దేశపు నేతగాండ్ర జీవనము చెడునను భయముతో ఫ్రాన్సు 1686లో రంగు అద్దిన బట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700 లోను మరల 1721 లోను చట్టములు చేసెను. ఫ్రెంచి నిషేధము 1759 వరకు సాగెను. కృష్ణాతీరపు టద్దకమరి ఒకని పనితనమునకు రెండు రాజ్యములు తలుపులు మూసుకొన్నవి!

నేటి బందరులో కోట ప్రాంతమున పాత డచ్చి కట్టడముల శిథిలములు కలవు. డచ్చి శ్మశానమున 17వ శతాబ్ది నాటి సమాధి ఫలకములు కలవు. వంశచిహ్నములు చెక్కిన ఆ రాళ్ళ క్రింద నున్నవారు మన బట్టను కొనవచ్చి, జ్వరములపాలై, మరల ఇల్లు చేరనివారు. బందరు క్షీణతకు కారణములు పెక్కు. రేవు మేటవేసెను, వర్తకము చెన్నపట్టణమునకు తరలెను. అన్నిటిని మించి 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. ఆ తీరపు కుటుంబములలో ‘ఉప్పెన’ అనునది వట్టి మాట కాదు.

ఊరు పడిపోయినను బందరు లేవకపోలేదు. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ఇచట వెలసెను. 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును ఇచటనే స్థాపించిరి. మన వ్యాపారస్థులలో పలువురికి తొలి ఖాతా ఆ బ్యాంకులోనిదే. 2020లో అది యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను.

అద్దకము చూడగోరువారు బందరునకు పొరుగుననే యున్న పెడన పోవలెను. పిల్లలను తప్పక వెంటగొనిపోవుడు. టేకు కఱ్ఱపై పువ్వులు, తీగెలు చెక్కు వడ్రంగి పని ఒక యింట, అచ్చు వేయు పని వేరొక యింట. గంజి వదలునట్లు ఉతికిన బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి యెండబెట్టుదురు. త్రుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో వారముల తరబడి నానవేసిన కషాయము నలుపునకు. పటిక ఎఱుపునకు ఆధారము. పటిక అద్దినచోట మొదట రంగేమియు కనబడదు. వేరులు, ఆకులు వేసిన కాగులో ఉడికించినపుడు మాత్రమే ఎఱుపు పైకి తేలును. పారు నీటిలో ఉతుకుట, ఎండకు పరచుట, మరల నీరు చల్లుట, మరల ఎండకు పరచుట. కాలువలో నీరు లేనినాడు పని లేదు, మబ్బు పట్టిననాడు పని లేదు. సైజింగు మిల్లు ఆవిరికిని, సాంచెల మోతకును అలవాటుపడిన మన కండ్లకు ఇది వేరొక లోకము. అయినను అచటి యజమానికిని మనకును కష్టము ఒక్కటే. తెరల అచ్చుతోను రసాయనపు రంగులతోను ఒక్క దినములో తయారగు బట్ట, కలంకారీ పేరనే, సగము ధరకు పక్క దుకాణమున అమ్ముడుపోవుచున్నది. చేతిమగ్గపు చీర పోలికలను మరమగ్గము మీద దింపిన పట్టణములలో మనదియు నొకటి గనుక, పెడన వీధిలో నిలిచినపుడు మనకు కొంచెము మౌనము తప్పదు.

బందరునకు పడమటగా ఘంటసాల కలదు. టాలెమీ చెప్పిన ‘కంటకొస్సైల’ ఇదియేనని పండితుల నిర్ణయము. బౌద్ధ స్తూపము, శిల్పములు గలవు. ఒక గంట చాలును.

ఇక నరసాపురము. వశిష్ఠ గోదావరి గట్టున, నరసాపురమునకు చేరువనే మాధవాయపాలెమను గ్రామము కలదు. దీనిని ఇంగ్లీషువారు ‘మదపొల్లము’ అనిరి. 17వ శతాబ్దిలో ఇచట వారి వర్తకస్థానము నుండెను. నరసాపురపు వడ్రంగులు వారికి ఓడలు కట్టిరి. ఆనాటి యూరు చాలవరకు ఏటి కోతకు పోయెను. గట్టు మీద నిలిచి చూచిన మీకు నీరు తప్ప వేరేమియు కనబడక పోవచ్చును. కాని ‘మదపొలామ్’ అను మెత్తని తెల్లబట్ట పేరు నేటికిని ఫ్రెంచి భాషలో నున్నది, పోర్చుగీసు భాషలో నున్నది. బ్రెజిలు దేశపు దుకాణదారుడు ఆ పేరు పలుకునపుడు తాను ఒక తెలుగు పల్లెను పిలుచుచున్నానని యెరుగడు. ఆ పల్లె వారి మనుమలమైన మనమును ఎరుగకుండుటయే వింత.

ఈ ప్రాంతపు ‘లాంగ్‌క్లాతు’ నాణ్యమును కంపెనీవారు పుంజములలో లెక్కించిరి. పుంజమనగా 120 పోగులు. పదునాలుగు పుంజముల బట్ట ముతక, నలుబది పుంజములది మిక్కిలి సన్నము. మన యిండ్లలో పడుగు లెక్కపెట్టు ముసలివారి నోట ఈ మాట విననివారుండరు. ఆ తెలుగు మాట లండనునకు పోయిన చిట్టాలలో, తెలుగు రాని గుమాస్తాల చేతివ్రాతలో, ఉన్నది ఉన్నట్లుగా నిలిచియున్నది.

కంపెనీ వర్తకము ఎట్లు నడచెనో మన పాఠకులకు సులభముగా బోధపడును. నేతగానికి ముందుగా బయానా ఇచ్చెదరు. అతడు నూలు కొని, నేసి, బట్ట నప్పగించవలెను. తొలినాళ్ళలో డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు వర్తకులు ఒకరితో నొకరు పోటీపడిరి కావున నేతగాడు బయానా తిరిగి యిచ్చి వేరొకరికి నేయగలిగెను. బేరము అతని చేతిలో నుండెను. 18వ శతాబ్ది ఉత్తరార్ధమున ఉత్తర సర్కారులు కంపెనీ యేలుబడిలోనికి వచ్చిన పిదప కొనువాడును ఏలువాడును ఒక్కడే అయ్యెను. బయానా తిరిగి యిచ్చుటకు వీలులేదు, వేరొకరికి నేయరాదు, గడువు తప్పినచో బంట్రోతు వచ్చి గుమ్మములో కూర్చుండును, వాని బత్తెము కూడ నేతగానిదే. ధర గుమాస్తా చెప్పినది. మోటుపల్లి స్తంభము మీది అభయమునకు ఇది సరిగా వ్యతిరేకము. 19వ శతాబ్దిలో లాంకషైరు మిల్లు బట్ట వచ్చి పడుటతో ఆ బయానా కూడ ఆగిపోయెను. బంట్రోతు వచ్చిన కాలమును తిట్టుకొన్న నేతగాడు, ఎవరును రాని కాలము వచ్చిన తరువాత ఊరు విడిచెను.

నూలు వేరొకరిది, బట్ట వేరొకరిది, మజూరి మాత్రము తనది యనునట్టి యేర్పాటు మన భివండిలో పలువురికి అనుభవమే. సేఠు భీములు పంపును, గ్రే తీసికొనిపోవును. 1982 నాటి బొంబాయి మిల్లుల సమ్మె తరువాత ఇచటికి పని వెల్లువగా వచ్చిన రోజులను, నేడు సాంచెలు తుక్కునకు పోవుచున్న రోజులను చూచినవారు మన మధ్య నున్నారు. వారు వశిష్ఠ గట్టున ఒక సాయంకాలము కూర్చుండిన యెడల ఎవరును వ్యాఖ్యానము చెప్పనక్కరలేదు.

గోదావరి దాటిన పిదప యానాము. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన ఈ చిన్న పట్టణమునకు ప్రక్కనే ఇంగ్లీషువారి ఇంజరము. ఒకే నేతగాని బట్టకు ఇరుగు పొరుగు దొరలు పోటీపడిన చోటు. శారదా చట్టము వచ్చిన తరువాత బాల్యవివాహములు చేయగోరు ఇరుగు జిల్లాలవారు ఫ్రెంచి యానామునకు పరుగిడిరను సంగతి మన ముత్తవ్వల నాటి ముచ్చట. దాపుననే కోరంగి. ఓడలు కట్టి, మరమ్మతు చేసిన రేవు. 1789 లోను 1839 లోను వచ్చిన ఉప్పెనలకు ఊడ్చుకొని పోయెను. ఇచటి నుండి బర్మాకు కూలికి పోయినవారి వలన, ఆ దేశమున తెలుగువారికెల్ల ‘కోరంగీలు’ అను పేరు వచ్చెను. వలస పోయినవారికి తాము ఓడ యెక్కిన రేవు పేరే కులమును, ఊరును, ఇంటిపేరును అయ్యెను. ఇపుడు ఆ చోట మడ అడవులు పెరిగినవి. 1978 నుండి అభయారణ్యముగా నున్నది. పడవపై పోవచ్చును, నీటిపిల్లులను పక్షులను చూడవచ్చును.

కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ. జామ్‌దానీ చీరలకు పేరొందిన యూరు. 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. మగ్గము మీద ఇద్దరు కూర్చుండి, పువ్వు పువ్వునకు వేరు దారము చేతితో ఎక్కించెదరు. ఎదుటి వైపును వెనుక వైపును ఒకే తీరుగా నుండును. ఈ యూరిని సముద్రము ఏటేట కోయుచున్నది. వీధులు, గుడులు, ఇండ్లు నీటిపాలైనవి. తీరపు రోడ్డు మీద అలలు విరుచుకుపడుటను చూడవచ్చిన యాత్రికులు ఫోటోలు దీసికొనుచుండగా, లోపలి వీధిలో మగ్గము చప్పుడు ఆగదు. చూడదలచినవారు ఆలసింపరాదు.

విశాఖపట్టణము దాటి భీమునిపట్టణమున డచ్చివారి సమాధులు, గట్టు మీద పాత దీపస్తంభము. ఒక పూటకు చాలును. అచట నుండి శ్రీకాకుళము జిల్లాకు పోవుట మేలు. వంశధార యొడ్డున శాలిహుండము కొండమీద బౌద్ధ స్తూపములు, చైత్యములు కలవు. 1919లో వానిని గుర్తించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని ప్రసక్తిని ఈ గ్రాంథిక వ్యాసమున తెచ్చినందుకు వారు నవ్వుకొందురు గాక. కొండపై నుండి చూచినచో నది కళింగపట్టణము వద్ద కడలిని కలియుట కనబడును.

ప్రయాణ సౌకర్యమును గూర్చి రెండు మాటలు. ముంబయి నుండి భువనేశ్వరము పోవు కోణార్క్ ఎక్స్‌ప్రెస్ మన కళ్యాణములో ఎక్కినచో షోలాపురము, సికింద్రాబాదు మీదుగా విజయవాడ, రాజమహేంద్రవరము, విశాఖపట్టణము, శ్రీకాకుళము రోడ్డు వరకు గొనిపోవును. బందరు, చీరాలలకు విజయవాడలో దిగవలెను. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. మే మాసపు ఎండ పిల్లలకు పడదు. సంక్రాంతి ముందు వెనుకలు అన్ని విధముల అనుకూలము. అన్నియు ఒకే పర్యాయము చూడబోక, ఒక యేడు కృష్ణ, ఒక యేడు గోదావరి, ఒక యేడు శ్రీకాకుళము అని పెట్టుకొనుట మంచిది.

శ్రీకాకుళము పోయినవారు పొందూరు చూడక తిరిగి రారాదు. అది సముద్రపు టొడ్డున లేదు, కొంచెము లోపల. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజ వలిచి, దూదిని ఏకులు చేసి, ఆడవారు రాటము మీద వడకు నూలు అది. గాంధీమహాత్ముడు మెచ్చిన నూలు. ఆ దవడ ఎముకలో సన్నని పండ్లు వరుసగా నుండును. గింజకు అంటిన పీచును ఒక్కొక్క పోగుగా అది విడదీయును. ఎముక అరిగినపుడు మరియొకటి కొందురు. మన సాంచె నిమిషములో నేయు గజములకు కావలసిన నూలు వడకుటకు ఆ యమ్మకు ఎన్ని దినములు పట్టునో అడిగి చూడుడు. ఆమె చేతిలోని పని ఆపకయే, వ్రేళ్ళు మడచి లెక్క చెప్పును.